మంచం దగ్గర డ్యూటీ అప్పగించేటప్పుడు అందరూ వింటుంటే ఏం చెప్పాలి?

ప్రశ్న (స్టాఫ్ నర్సు, అమలాపురం వైపు):
నమస్కారం అండీ. ఇన్నాళ్లూ డ్యూటీ మారేటప్పుడు కౌంటర్ దగ్గరే రిపోర్టు బుక్ చూసుకుంటూ ఓవర్ (డ్యూటీ అప్పగింత) ఇచ్చేవాళ్లం. ఇప్పుడు ప్రతి మంచం దగ్గరికీ వెళ్లి ఇవ్వాలంటున్నారు మా ఇన్‌ఛార్జి మేడమ్. జనరల్ వార్డు, నిలబడే చోటే తక్కువ. పక్క మంచం వాళ్లు కూడా చెవులు రిక్కించి వింటారు. హెచ్‌ఐవి, అబార్షన్ లాంటివి అక్కడ ఎలా చెప్పాలి? పైగా అందరూ "డిశ్చార్జి ఎప్పుడు సిస్టర్" అని ఆపేస్తారు. బస్సు పోతుందేమోనని రోజూ టెన్షన్.

జవాబు (సీనియర్ నర్సు, కాకినాడ):
మొత్తం ఓవర్ అక్కడే ఇవ్వక్కర్లేదమ్మా. హెచ్‌ఐవి, అబార్షన్, పోలీసు కేసు, ఇంటి గొడవలు కౌంటర్ దగ్గరే, గొంతు తగ్గించి చెప్పుకోండి. హెచ్‌ఐవి సంగతి బయటికి పొక్కకుండా చూడాలని 2017 చట్టమే ఉంది.

మంచం దగ్గర కంటితో చూసి, చేత్తో తడిమి తెలుసుకునేవి ఉండాలి. సెలైన్ ఎంత మిగిలింది, క్యాన్యులా (సెలైన్ ఎక్కించే సన్న గొట్టం) చోట వాపుందా, యూరిన్ బ్యాగులో ఎంతుంది, కట్టు తడిసిందా. మన వైపు కోతల రోజుల్లో వచ్చే పాము కాటు కేసే తీసుకోండి. వాపు ఎక్కడిదాకా పాకిందో కాలి మీద పెన్నుతో గీత గీసి టైము రాసి ఉంటే, డ్యూటీ ఎక్కే సిస్టర్‌కి ఒక్క చూపులో తెలుస్తుంది. రక్తపింజరి కాటుకు ఏఎస్‌వి (పాము విషానికి విరుగుడు మందు) ఎక్కించాక 20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష మామూలుగా ఆరేసి గంటలకు మళ్లీ చేస్తారు. తర్వాతది ఎన్నింటికో గడియారం టైముతో చెప్పాలి. "ఇంకాసేపట్లో" అంటే ఎవరూ చెయ్యరు. కట్లపాము అయితే రెప్పలు వాలుతున్నాయా, తల ఎత్తగలుగుతున్నాడా అన్నది ఇద్దరూ కలిసి చూడండి. బుక్కులో "కొంచెం వాలాయి" అని రాస్తే ఆ కొంచెం ఎంతో దిగిపోయిన సిస్టర్‌కే తెలుసు!

చెప్పే వరుసకి ఎస్‌బార్ బాగుంటుంది: ఇప్పుడెలా ఉన్నాడు, వెనక ఏం జరిగింది, మనకేమనిపిస్తోంది, ఇక ఏం చెయ్యాలి. అమెరికా నేవీ జలాంతర్గాముల నుంచి ఆసుపత్రులకు వచ్చిన పద్ధతిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2007లో దీన్ని వాడమంది. బెడ్ నంబరు నమ్ముకోవద్దు, మంచాలు మారుతుంటాయి. పేరు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చేది) రెండూ సరిచూసుకోండి.

జవాబు (పేషెంటు కూతురు, భీమవరం):
మమ్మల్ని మరీ బయటికి పంపేయకండి సిస్టర్. నాన్న ఇంట్లో ఏ షుగర్ మాత్ర వేసుకుంటారో, ఏ ఇంజెక్షన్ పడదో చెప్పేది మేమే కదా. ఎవరు ఉండొచ్చో ఆయన్నే అడగండి.

జవాబు (సీనియర్ నర్సు, కాకినాడ):
నిజమే. ఒక్కరు చాలు. డిశ్చార్జి ప్రశ్నలకు "ఓవర్ అయ్యాక ఈ సిస్టర్ వచ్చి చెబుతారు" అని ఎక్కే ఆమె పేరు చెప్పి కదిలిపోండి. ఆమె వెళ్లకపోతే మాత్రం మర్నాడు మీ మాట ఎవరూ వినరు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అక్కా. రాత్రి డ్యూటీకి ఎక్కేటప్పుడు పడుకున్నవాళ్లని లేపాలా?

జవాబు (సీనియర్ నర్సు, కాకినాడ):
నిలకడగా ఉన్నవాళ్లని వద్దు. ఊపిరి, సెలైన్, డ్రెయిన్ (ఒంట్లోంచి ద్రవం బయటికి తీసే గొట్టం) చూసుకుని ముందుకెళ్లండి. కట్లపాము కాటు, తలకి దెబ్బ, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లని మాత్రం లేపి పలకరించాల్సిందే, విసుక్కున్నా సరే.