"తీవ్ర మితవాది" అంటే ఎవరు? డాన్‌బాస్ యుద్ధం తెలుగు చేస్తుంటే వచ్చిన సందేహం

మొదటి పోస్టు

అందరికీ నమస్కారం. ఒక మాసపత్రిక కోసం తూర్పు ఉక్రెయిన్ యుద్ధం మీద పెద్ద వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. 2022లో మొదలైన పూర్తి స్థాయి యుద్ధం గురించి కాదు, అంతకు ముందు 2014లో డాన్‌బాస్‌లో, అంటే దొనెత్స్క్, లుహాన్స్క్ ప్రాంతాల్లో, రాజుకున్న దాని గురించి. నాలుగు రోజులుగా ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయాను. 'ఫార్ రైట్', అంటే రాజకీయాల్లో కుడివైపు చివరిదాకా పోయినవాళ్లు, అన్నదానికి మన పేపర్ల అలవాటు ప్రకారం 'తీవ్ర మితవాదులు' అని పెట్టి చిత్తుప్రతిలో ఇలా రాశాను:

"దొనెత్స్క్, లుహాన్స్క్ వేర్పాటువాదుల తరఫున రష్యా నుంచి వచ్చిన తీవ్ర మితవాదులు ఆయుధాలు పట్టారు."

మా అమ్మకు చదివి వినిపించాను. రోజూ పేపరు చదివే మనిషి. "మితవాదులంటే మెత్తగా మాట్లాడేవాళ్లు కదా, వాళ్లు తుపాకులు పట్టడమేంటి? పైగా తీవ్రంగా మితంగా ఉండడమేంటి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ వాక్యంలో ఉన్న మనుషులెవరో చెప్తే నా ఇబ్బంది మీకు తెలుస్తుంది. పావెల్ గుబారెవ్ 2014 మార్చిలో దొనెత్స్క్‌లో 'ప్రజా గవర్నర్' అని ప్రకటించుకున్నాడు. అంతకు ముందు అతను రష్యన్ నేషనల్ యూనిటీలో పనిచేశాడు. స్వస్తికను పోలిన గుర్తు పెట్టుకున్న నయా నాజీ సంస్థ అది. అలెక్సీ మిల్చకోవ్ సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి వచ్చి 'రుసిచ్' అనే దళాన్ని నడిపాడు. తాను నాజీనని నోటితో చెప్పుకున్నవాడు. ఆ దళంలో అతని జోడీ యాన్ పెత్రోవ్‌స్కీ. 2014 సెప్టెంబరులో లుహాన్స్క్ ప్రాంతంలో ఉక్రెయిన్ సైనికుల మీద చేసిన యుద్ధ నేరాలకు 2025 మార్చిలో హెల్సింకి కోర్టు అతనికి యావజ్జీవ శిక్ష వేసింది. వీళ్ల పేర్ల పక్కన 'మితం' అన్న మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

'వేర్పాటువాదులు' అన్న మాట మీద కూడా అనుమానం ఉంది. పెద్దలు చెప్పండి.

జవాబు (రిటైర్డ్ తెలుగు మాస్టారు, తెనాలి)

అమ్మా, మీ అమ్మగారు సరైన చోట పట్టుకున్నారు.

మితవాది, అతివాది అన్న జంట మనకు కాంగ్రెసు చరిత్ర నుంచి వచ్చింది. 1907లో సూరత్‌లో కాంగ్రెసు చీలినప్పుడు గోఖలే వర్గం మితవాదులు, తిలక్ వర్గం అతివాదులు. అక్కడ తేడా పద్ధతిలో ఉంది. అర్జీ పెట్టి అడిగేవారు మితవాదులు, అలా అయితే పని జరగదన్నవారు అతివాదులు. కుడి, ఎడమ అన్న గొడవే అందులో లేదు.

కుడి, ఎడమ వేరే ఊరి మాటలు. 1789లో ఫ్రాన్సు జాతీయ సభలో రాజు అధికారాన్ని నిలబెట్టాలన్నవారు అధ్యక్షుడికి కుడివైపు కూర్చున్నారు, తగ్గించాలన్నవారు ఎడమవైపు. ఎడమకు మనం 'వామపక్షం' అన్నాం, స్థిరపడింది. కుడికి 'దక్షిణ పక్షం' అంటే దిక్కు గుర్తొస్తుందనో ఏమో, తెలుగులో నిలవలేదు. హిందీవాళ్లకు దక్షిణపంథీ అన్న మాట నిలిచింది. మనకు మిగిలిన ఆ ఖాళీలో 'మితవాదం' వచ్చి కూర్చుంది. కమ్యూనిస్టు పార్టీల పత్రాల్లో 'మితవాద పెడధోరణి', 'అతివాద పెడధోరణి' అని ఎన్నిసార్లు చదివామో. అక్కడ మితవాదం అంటే కుడికి ఒరగడం, అతివాదం అంటే ఎడమకు మరీ ఒరగడం. ఆ వాడుకే పేపర్లను ఇటు నడిపించిందని నా అభిప్రాయం. 1959లో రాజాజీ, రంగా గార్లు స్వతంత్ర పార్టీ పెట్టినప్పుడు దాన్ని మితవాద పార్టీ అంటే ఎవరికీ ఎబ్బెట్టుగా లేదు. వాళ్లు అడిగింది ప్రభుత్వ పెత్తనం తగ్గాలని, పద్ధతి కూడా మెత్తనిదే. రెండర్థాలూ కలిసిపోయాయి.

చిక్కు వచ్చింది కుడివైపు చివరిదాకా పోయినవాళ్లతోనే. అక్కడ మెత్తదనం ఏమీ లేదు. దానికి 'తీవ్ర' తగిలిస్తే మాట తనతో తానే కొట్టుకుంటుంది. నేనైతే ఈ చోట 'మితవాది'ని పూర్తిగా వదిలేస్తాను.

జవాబు (డెస్కులో పనిచేసే సభ్యుడు)

మాస్టారూ, నమస్కారం. మా దగ్గర 'అతి మితవాద', 'తీవ్ర మితవాద', 'పచ్చి మితవాద' మూడూ తిరుగుతుంటాయి. రాత్రి పదకొండింటికి ఏజెన్సీ కాపీ వస్తుంది, నలభై నిమిషాల్లో పేజీ వెళ్లాలి. అలవాటైన మాటే వేలికి వస్తుంది. తప్పని తెలిసీ నేనే ఎన్నోసార్లు రాశాను. 'అతివాద' అని మారుద్దామంటే మన పాఠకుడికి అది నక్సలైట్ల వైపు పోతుంది. 1980ల నుంచి 'తీవ్రవాది' కూడా అంతే. మరో మాట ఇస్తే వాడతాం, కానీ పలకడానికి కష్టంగా ఉండకూడదు.

జవాబు (సభ్యురాలు, కరీంనగర్)

మితవాది సంగతి మాస్టారు చెప్పారు. నాకు గుచ్చుకునే మాట రెండోది.

1969లో మా నాన్న విద్యార్థిగా రోడ్డెక్కినప్పుడు ఆయనను వేర్పాటువాది అన్నారు. 2009 తర్వాత మేం రోడ్డెక్కినప్పుడూ అదే మాట. మేం అడిగింది తెలంగాణ ఏర్పాటు, మా మీద వేసిన ముద్ర వేర్పాటు. ఏ కు ముందు వ వచ్చి కూర్చుంటే మనిషి దోషి అయిపోతాడు. అడిగింది దేశం లోపల ఒక రాష్ట్రం, వచ్చింది పార్లమెంటు చట్టం ద్వారా, 2014 జూన్ 2న. సరిగ్గా అదే వేసవిలో డాన్‌బాస్‌లో ఫిరంగులు పేలుతున్నాయి. రెండింటికీ తెలుగులో ఒకే మాట వాడటం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

మాట పుట్టుక కూడా చూడండి. ఇంట్లో అన్నదమ్ములు 'వేరు పడతారు'. పొత్తు కుదరక వాళ్లంతట వాళ్లు పడేది అది. బయటివాడు వచ్చి గోడ కట్టి 'మీరు వేరు పడ్డారు' అంటే దాన్ని వేరు పడటం అనం. డాన్‌బాస్‌లో జరిగింది ఈ రెండింట్లో ఏది? మొదటి పోస్టు రాసిన అక్క దానికి జవాబు చెప్తే మాట తేలుతుంది.

మొదటి పోస్టు రాసిన సభ్యురాలు

చెల్లీ, అసలు ప్రశ్న అడిగావు. నాకు తెలిసింది చెప్తాను.

స్థానికంగా అసంతృప్తి నిజంగానే ఉంది. 2014 ఫిబ్రవరిలో దేశం వదిలి పారిపోయిన అధ్యక్షుడు యనుకోవిచ్ దొనెత్స్క్ ప్రాంతంవాడే. కీవ్‌లో వచ్చిన కొత్త ప్రభుత్వం మీద అక్కడ భయం, కోపం రెండూ ఉన్నాయి. ఏప్రిల్ 7న దొనెత్స్క్‌లో కొందరు ప్రభుత్వ భవనంలో కూర్చుని 'ప్రజా రిపబ్లిక్' ప్రకటించారు. అక్కడిదాకా వేరు పడతామన్న మాట వాడొచ్చు.

ఏప్రిల్ 12న స్లొవ్యాన్స్క్ పట్టణాన్ని సాయుధులు పట్టుకున్నారు. నడిపినవాడు ఇగోర్ గిర్కిన్, మారుపేరు స్ట్రెల్కోవ్. మాస్కోవాడు, రష్యా గూఢచారి సంస్థ ఎఫ్‌ఎస్‌బీలో పనిచేసినవాడు. అంతకు ముందు బోస్నియాలో, మోల్డోవా నుంచి విడిపోయిన ట్రాన్స్‌నిస్ట్రియాలో పోరాడినవాడు. జారు చక్రవర్తుల రష్యా మళ్లీ రావాలన్నది అతని కల. తన దళం సరిహద్దు దాటకపోయి ఉంటే ఖార్కివ్‌లో, ఒడెస్సాలో సద్దుమణిగినట్టే ఇక్కడా సద్దుమణిగేదని, యుద్ధం ట్రిగ్గర్ నొక్కింది తానేనని ఆ ఏడాది నవంబరులో మాస్కో పత్రికకు అతనే చెప్పాడు. దొనెత్స్క్ 'రిపబ్లిక్'కు అతను రక్షణ మంత్రి. మొదటి ప్రధాని అలెగ్జాండర్ బొరొదాయ్, అతనూ మాస్కోవాడే. జులై 17న మలేసియా విమానాన్ని కూల్చి 298 మందిని చంపిన కేసులో గిర్కిన్‌కు 2022లో నెదర్లాండ్స్ కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది.

గోడ కట్టినవాడే 'నేను కట్టాను' అంటున్నప్పుడు ఆ మనిషిని వేర్పాటువాది అనడం కుదరదు. స్థానికులకు ఆ మాట ఉంచి, వచ్చినవాళ్లకు వేరే మాట వెతకాలి.

జవాబు (ఖార్కివ్‌లో మెడిసిన్ చదివిన సభ్యుడు, విజయవాడ)

నేను 2018 నుంచి 2022 మార్చి దాకా ఖార్కివ్‌లో ఉన్నాను. భాష మీద నాకు పాండిత్యం లేదు, విన్నది చెప్తాను అండి.

వాళ్లు తమను 'అపల్చెన్‌త్సీ' అని చెప్పుకుంటారు. రష్యన్‌లో దానికి చాలా బరువుంది. నెపోలియన్ దండెత్తిన 1812లో, హిట్లర్ దండెత్తిన 1941లో ఊళ్లలోంచి లేచి యుద్ధానికి వెళ్లిన మామూలు జనాన్ని అలా పిలిచారు. ఆ పేరు పెట్టుకున్న గుంపులో నాజీ పచ్చబొట్లు ఉన్నవాళ్లు కూడా నడిచారంటే ఆ మాటకు ఎంత ద్రోహం జరిగిందో ఆలోచించండి. మా హాస్టల్ వార్డెన్ వాళ్ల నాన్న రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడారు. ఆమె ఇంట్లో రష్యనే మాట్లాడేది. ఈ మాట వినగానే మొహం తిప్పుకునేది.

ఉక్రెయిన్ వైపు వాడుకలో వాళ్లు 'సెపరీ'. సెపరటిస్టును కుదించిన తిట్టు. నారింజ, నలుపు చారల రిబ్బన్ కట్టుకుంటారు కనుక 'కొలరాడీ' అని కూడా అనేవారు. బంగాళదుంప పంటను తినే చారల పురుగు పేరు అది. అటువాళ్లు ఉక్రెయిన్ సైనికులను 'ఉక్రోప్' అన్నారు, అంటే సోయకూర. ప్రభుత్వం 2014 ఏప్రిల్ నుంచి నాలుగేళ్లపాటు మొత్తం యుద్ధాన్నే 'టెర్రరిస్టు వ్యతిరేక చర్య' అని పిలిచింది. అక్కడ ఏ మాట వాడినా మీరెవరి వైపో తెలిసిపోతుంది.

ఇంకొకటి. మనం 'రష్యన్' అని ఒకే మాట వాడతాం. వాళ్లకు రెండున్నాయి. 'రస్సీస్కీ' అంటే రష్యా దేశానికి చెందిన. అందులో తాతార్లు, చెచెన్లు, అందరూ వస్తారు. 'రుస్కీ' అంటే రష్యన్ భాష, రక్తం, సంస్కృతి. ఈ సంస్థల పేర్లు చూడండి: 'రుస్కోయె' నేషనల్ యూనిటీ, 'రుస్కోయె' ఇంపీరియల్ మూవ్‌మెంట్. ఎక్కడా రస్సీస్కీ లేదు. వాళ్ల రాజకీయమంతా ఆ ఒక్క మాటలో ఉంది.

తెలుగు మాస్టారు

నాయనా, ఎంత పనికొచ్చే సంగతి చెప్పావు! మన 'జాతి' అనే మాట ఆ రెండింటినీ మింగేస్తుంది. జాతి అంటే దేశ ప్రజ, జాతి అంటే రక్త సంబంధం, జాతి అంటే తెగ. జాతిపిత అంటాం, తెలుగు జాతి అంటాం, శ్వేతజాతి అంటాం. 'తీవ్ర జాతీయవాదులు' అని రాస్తే దేశాన్ని మరీ ప్రేమించినవాళ్లని చదువుతారు. వీళ్లది దేశం సంగతి కాదు, నెత్తురు సంగతి. 'జాత్యహంకారులు' అయితే ఆ అర్థం పోదు.

జవాబు (మరో సభ్యుడు)

అంతా ఒక వైపే చెప్తున్నారు. ఉక్రెయిన్ వైపు అజోవ్ లేదా?

మొదటి పోస్టు రాసిన సభ్యురాలు

ఉందండి, వ్యాసంలోనూ ఉంది. అజోవ్ దళం 2014 మేలో పుట్టింది. మొదటి నాయకుడు ఆంద్రీ బిలెత్స్కీ అంతకు ముందు 'పేట్రియట్ ఆఫ్ ఉక్రెయిన్' అనే తెల్లజాతి అహంకార సంస్థను నడిపాడు. దళం గుర్తు నాజీ ఎస్‌ఎస్ దళాలు వాడిన దానికి దగ్గర. స్వీడన్ నుంచి వచ్చి అందులో చేరిన నయా నాజీలున్నారు. నవంబరులో దాన్ని నేషనల్ గార్డులో కలిపేశారు. వీళ్లకూ అదే మాట వాడతాను, మెత్తన చేయను.

కానీ మాట ఒకటే అయినంత మాత్రాన లెక్క ఒకటి కాదు. 2014 మే అధ్యక్ష ఎన్నికల్లో ఉక్రెయిన్‌లో ఇదే కోవకు చెందిన రైట్ సెక్టార్ పార్టీ నాయకుడు యారోష్‌కు 0.7 శాతం ఓట్లు వచ్చాయి. 2019 పార్లమెంటు ఎన్నికల్లో ఈ కోవ పార్టీలు కలిసి నిలబడితే 2.15 శాతం. యూదు కుటుంబంలో పుట్టిన జెలెన్‌స్కీని అదే ఏడాది 73 శాతం ఓట్లతో గెలిపించారు. 2022 ఫిబ్రవరి 24న పుతిన్ ఆ దేశాన్ని నాజీల నుంచి విడిపిస్తానన్నప్పుడు, అతని వైపే ఎనిమిదేళ్లుగా రుసిచ్ ఉంది, మెడ కింద ఎస్‌ఎస్ పచ్చబొట్లున్న ద్మిత్రి ఉత్కిన్ నడిపిన వాగ్నర్ అనే ప్రైవేటు సైనిక దళం ఉంది. అందుకే ఆ మాటను 'నిర్నాజీకరణ' అని తెలుగు చేసి నా గొంతుతో చెప్పలేను. కొటేషన్‌లో పెట్టి పుతిన్ మాటగానే ఉంచుతాను.

డెస్కు సభ్యుడు

'కిరాయి సైనికులు' అంటే సరిపోదా? పాఠకుడికి వెంటనే అర్థమవుతుంది.

ఖార్కివ్‌లో చదివిన సభ్యుడు

వద్దన్నా. 2014లో రుసిచ్ లాంటివాళ్లు డబ్బు కోసం రాలేదు, నమ్మి వచ్చారు. అదే భయపెట్టే సంగతి. ఇంకో కారణం కూడా ఉంది. 2024 మార్చిలో రష్యా సైన్యంలో చనిపోయిన హైదరాబాద్ కుర్రాడు గుర్తున్నాడా? హెల్పర్ ఉద్యోగమని ఏజెంట్లు చెప్తే నమ్మి వెళ్లాడు. ఆ అబ్బాయిని కూడా మన వార్తల్లో కొందరు కిరాయి సైనికుడనే అన్నారు. ఆ మాట ఇద్దరికీ సరిపోదు.

సభ్యురాలు, కరీంనగర్

కరెక్ట్. వీళ్లకు 'వలంటీర్లు' అన్న మాట కూడా ఇవ్వొద్దు. వరదల్లో అన్నం పొట్లాలు పంచినవాళ్ల పేరు అది.

మొదటి పోస్టు రాసిన సభ్యురాలు

రాత్రి కూర్చుని మళ్లీ రాశాను. ఒక్క వాక్యం రెండయింది:

"కీవ్ పాలన నుంచి వేరు పడతామన్న స్థానికులు దొనెత్స్క్, లుహాన్స్క్‌లలో ఉన్నారు. వారి పేరు మీద యుద్ధం నడపడానికి రష్యా నుంచి సరిహద్దు దాటి వచ్చినవాళ్లలో నయా నాజీలు, రష్యన్ జాత్యహంకారులు, జారు రాజ్యం తిరిగి కోరేవాళ్లు ఉన్నారు."

అందరినీ కలిపి చెప్పాల్సిన చోట 'కుడి తీవ్రవాదులు' అని వాడుతున్నాను. డెస్కు తమ్ముడు చెప్పినట్టు 'తీవ్రవాది' మన దగ్గర ఎడమవైపు పోతుంది కనుక ముందు 'కుడి' తప్పనిసరి. అమ్మకు చదివాను. 'కుడి తీవ్రవాదులు' దగ్గర మాత్రం ఎవరని అడిగింది. వాళ్లెవరో చెప్పిన ముందు వాక్యం మళ్లీ చదివితే సరే అంది. అంటే ఆ మాట ఒంటరిగా నిలవదు, పక్కన మనుషులెవరో చెప్పాలి. ఈ యుద్ధంలో 2021 చివరికే 14,000 మందికి పైగా పోయారని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం లెక్క. మరో వాక్యం పెరిగితే పెరగనీ.

మాస్టారూ, 'కుడి తీవ్రవాది' మీకు సమ్మతమేనా? విజయవాడ తమ్ముడూ, స్లొవ్యాన్స్క్ అని రాయనా, స్లవ్యాన్స్క్ అని రాయనా?

తెలుగు మాస్టారు

సమ్మతమే. చెవికి అలవాటు కావడానికి కొంత కాలం పడుతుంది. వాడండి.

ఖార్కివ్‌లో చదివిన సభ్యుడు

స్లొవ్యాన్స్క్ అక్కా. స్లవ్యాన్స్క్ రష్యన్ పలుకుబడి. ఖార్కొవ్ కాదు ఖార్కివ్, లుగాన్స్క్ కాదు లుహాన్స్క్. వ్యాసమంతా అదే పద్ధతిలో ఉంచండి.