మొరం పోసిన జాగాలో విత్తకుండానే మొలిచిన మొక్కలు: ఉంచాలా, పీకాలా?

ప్రశ్న | మట్టిబెడ్డ

ఇంటి వెనక సుమారు 60 చదరపు మీటర్ల ఖాళీ జాగా. కట్టుబడి అయిపోయాక మొరం, ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు కలిసిన మట్టి పోసి చదును చేశారు. గడ్డపార దిగడమే కష్టం. పచ్చిక విత్తనం చల్లితే మొలిచినట్టే మొలిచి మాడిపోయింది. వానలు పడ్డాక మాత్రం ఎవరూ వేయని మొక్కలు వాటంతటవే లేచాయి.

1. మోకాలెత్తు మొక్క. ఈనెకు రెండు వైపులా చిన్న చిన్న ఆకులు, ఊదా పూలు, పలచటి కాయలు.
2. నేలకు అంటుకుని పాకేది. కండగల నున్నటి ఆకులు, ఎర్రటి కాడ.
3. దాని పక్కనే, దూరం నుంచి అలాగే కనిపించే ఇంకొకటి. ఆకులు పలచన, తుంచితే పాలు.
4. పొడవాటి కాడ చివర ఒకే పువ్వు. మధ్యలో పసుపు, చుట్టూ ఎడంగా తెల్ల రేకలు.
5. నేలమీద గుండ్రంగా పరుచుకున్న, కారట్ ఆకులా చీలికలున్న మొక్క. ఇంకా పూయలేదు.
6. గోడ పక్కన, నీరు నిలిచే చోట మూడంచుల కాడతో గడ్డి.

ఇవేమిటి? వీటిని బట్టి మట్టి గురించి ఏమైనా చెప్పగలమా? అంతా దున్నించి ఎరువు వేయాలా?

జవాబు | వేరుబుడిపె

ముందు ఐదో నంబరు సంగతి చూడండి, మిగతావి ఆగుతాయి. మీ వర్ణన వయ్యారిభామకు సరిపోతోంది. మాచిపత్రి ఆకూ ఇలాగే చీలి ఉంటుంది కానీ నలిపితే ఘాటైన సువాసన వస్తుంది. ఏదైనా సరే, చేతి తొడుగు లేకుండా నలపవద్దు. వయ్యారిభామ తగిలితే కొందరికి చర్మం దద్దురు లేస్తుంది, పుప్పొడికి ఆయాసం వస్తుంది. మొలిచిన నెల రోజులకే పూత పట్టగలదు, ఒక్క మొక్క 15,000కు పైగా విత్తనాలు రాల్చగలదు. అందుకే ఆకులు ఇంకా నేలకు పరుచుకుని ఉన్నప్పుడే, వాన పడి మట్టి మెత్తబడిన మర్నాడు, నిండు చేతుల చొక్కా, తొడుగులు, మాస్కు వేసుకుని వేరుతో సహా పీకాలి. పైన కోసేస్తే మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. పూత రాని మొక్కల్ని ఎండలో పరిచి ఎండబెడితే చాలు. పూత వచ్చినదాన్ని సంచిలో కట్టి పారేయండి, కంపోస్టు గుంటలో మాత్రం వేయవద్దు.

ఒకటో నంబరు వెంపలి కావచ్చు. చిన్న ఆకు చివర పట్టుకుని మెల్లగా లాగండి, అడ్డంగా చిరగకుండా బాణం ములుకు ఆకారంలో తెగితే దాదాపు అదే. దీన్ని పీకకండి. చిక్కుడు కుటుంబం మొక్క, గాలిలోని నత్రజనిని వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా సాయంతో వాడుకుంటుంది. మట్టిలో నత్రజని తక్కువగా ఉండటమే దీనికి అనుకూలం, ఎరువు పడితే బుడిపెలు కట్టడం తగ్గిపోతుంది. బుడిపెలు పని చేస్తున్నాయో లేదో చూడాలంటే మొక్కను లాగవద్దు, అవి తెగి మట్టిలోనే ఉండిపోతాయి. చుట్టూ 15–20 సెంటీమీటర్ల దూరంలో గడ్డపార గుచ్చి మట్టిగడ్డతో సహా లేపి, బకెట్ నీళ్లలో నాననిచ్చి మట్టి జారిపోయాక చూడండి. బుడిపెను గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగు ఉండాలి. బూడిద రంగో, ఆకుపచ్చో ఉంటే పని ఆగిపోయినట్టే. మొక్క బతికున్నంత కాలం ఆ నత్రజనిలో చాలావరకు దాని ఒంట్లోనే ఉంటుంది. మట్టికి చేరాలంటే పూత దశలో నేలమట్టానికి కోసి, కొమ్మల్ని అక్కడే పరిచి, వేరును లోపలే వదిలేయాలి. కొన్నిటిని గింజ రాలే వరకు ఉంచండి, లేకపోతే వచ్చే వానలకు మొక్కలే ఉండవు.

నాలుగోది గడ్డి చామంతి. తెల్ల రేకలు సాధారణంగా ఐదు, ఒక్కో రేక కొస మూడు పళ్లుగా చీలి ఉంటుంది. తేనెటీగలు, సీతాకోకచిలుకలు వాలతాయి, ఉంచినా నష్టం లేదు. కాకపోతే దూదిలాంటి కుచ్చులతో విత్తనాలు గాలికి ఎగురుతాయి కనుక పక్కన కుండీలుంటే వాటిలోనూ మొలుస్తుంది.

రెండోది గంగవాయిలి (పావిలికూర), మూడోది నానుబాలు జాతి. పాలు కారేదాన్ని పీకాక చేతులు కడగకుండా కళ్లు నులుముకోవద్దు. గంగవాయిలిని పీకి అక్కడే పడేస్తే కాడలోని నీటితోనే మళ్లీ వేరు పట్టుకుంటుంది, వద్దనుకుంటే బయటికి మోయాల్సిందే.

జవాబు | చెలక

మొక్కల్ని చూసి మట్టి జాతకం చెప్పే చార్టులు చాలా తిరుగుతుంటాయి. వాటిని అంతగా నమ్మకండి. ఒక మొక్క ఉందంటే అక్కడ దాని విత్తనం ఉందనీ, దానికి వెలుతురు అందిందనీ అర్థం, అంతే. ఒకే రకం గుంపుగా, ఏటా అదే చోట వస్తే అప్పుడు కొంత ఆలోచించవచ్చు.

విత్తనాలు ఎక్కడివంటారా? మీరు పోయించిన మట్టిలోవే ఎక్కువ ఉంటాయి. లోతున చీకట్లో నిద్రపోతున్న విత్తనం తవ్వకంతో పైకి వచ్చి, వెలుతురు, తేమ తగలగానే మేలుకుంటుంది. 1879లో విలియం జేమ్స్ బీల్ అనే వృక్షశాస్త్రవేత్త అమెరికాలోని మిషిగన్‌లో 20 సీసాల్లో విత్తనాలు నింపి పాతిపెట్టారు. 2021లో తీసిన సీసాలోని వెర్బాస్కం అనే మొక్క విత్తనాలు 142 ఏళ్ల తర్వాత కూడా మొలిచాయి. కాబట్టి "దున్నిస్తే పోతాయి" అనేది భ్రమ, దున్నిన ప్రతిసారీ కొత్త దఫా పైకొస్తుంది.

మట్టి తెలుసుకోవడానికి ఇంతకంటే సులువైన పరీక్షలున్నాయి. 30 సెంటీమీటర్ల లోతు, అంతే వెడల్పు గుంట తీసి నీళ్లు నింపి ఇంకనివ్వండి. మళ్లీ నింపి, గంటకు ఎంత దిగిందో స్కేలుతో చూడండి. 2.5 సెంటీమీటర్లకు తక్కువైతే కింద గట్టిపొర ఉండవచ్చు. మొదటిసారి నింపిన నీటితోనే లెక్క కట్టవద్దు, ఎండిన మట్టి పీల్చేసి కొలత తప్పుదారి పట్టిస్తుంది. ఇక గాజు సీసాలో మూడో వంతు జల్లించిన మట్టి, మిగతా నీళ్లు, చెంచాడు పాత్రల సబ్బు వేసి బాగా కుదిపి కదలకుండా పెట్టండి. ఒకటి రెండు నిమిషాల్లో అడుగున చేరేది ఇసుక, కొన్ని గంటల్లో దాని మీద చేరేది ఒండ్రు, ఒకటి రెండు రోజులకు తేరుకునేది బంకమట్టి. పొడి మట్టి మీద వెనిగర్ పోస్తే బుసబుస పొంగితే సున్నం ఉంది. సిమెంటు పెళ్లలున్న చోట ఇది మామూలే, పీహెచ్ (మట్టి క్షారగుణాన్ని చూపే అంకె) కూడా పెరిగి ఉంటుంది.

ప్రశ్నించినవారు | మట్టిబెడ్డ

చాలా ఉపయోగం అండీ. రెండు సందేహాలు. కొంత భాగంలో కూరగాయలు వేద్దామనుంది, ఎరువు అంతటా వేయనా? గంగవాయిలి వండుకోవచ్చా?

జవాబు | వేరుబుడిపె

అంతటా వద్దు. జాగాను రెండుగా అనుకోండి. అడవి మొక్కలు కావాలనుకున్న వైపు ఎరువు పడితే బలమైన గడ్డి కమ్మేసి ఈ చిన్న మొక్కల్ని నీడలో చంపేస్తుంది. అక్కడ గింజ రాలాక ఏడెనిమిది సెంటీమీటర్ల ఎత్తు వదిలి కోసి, వెంపలి ఒక్కటి తప్ప మిగతా కోతను బయటికి తీసేయండి. వదిలేస్తే కుళ్లి సారం పెరుగుతుంది.

కూరగాయల వైపు రాళ్ల మట్టితో కుస్తీ పట్టకుండా పైన 30 సెంటీమీటర్ల ఎత్తు మడి కట్టండి. చదరపు మీటరుకు 300 లీటర్ల మట్టి, కంపోస్టు మిశ్రమం పడుతుంది. కింద గట్టిపొర ఉంటే ముందు గడ్డపారతో అక్కడక్కడ గుచ్చండి, లేకపోతే మడి అడుగున నీరు నిలిచి వేళ్లు కుళ్లుతాయి.

గంగవాయిలి తినదగినదే, కానీ ఆ చోటిది ఇప్పుడే వద్దు. కట్టుబడి చెత్తలో పాత రంగు పెచ్చులుంటే సీసం ఉండవచ్చు. మామూలు మట్టి పరీక్షలో నత్రజని, భాస్వరం, పొటాష్ చూస్తారే తప్ప సీసం చూడరు, విడిగా అడగాలి. నమూనాకు పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతు నుంచి మట్టి తీసి, కలిపి, అరకిలో పంపండి. ఫలితం బాగున్నా, ఆ ఆకులో ఆక్సలేట్లు ఎక్కువ. మూత్రపిండాల్లో రాళ్లున్నవారు దూరంగా ఉండటం మంచిది. కోసేటప్పుడు ప్రతి తీగనూ తుంచి చూడండి, నానుబాలు దానిలో అల్లుకుని పెరుగుతుంది.

జవాబు | ముల్లుగర్ర

ఆరోది ఎవరూ ముట్టుకోలేదు. మూడంచుల కాడంటే తుంగ. పైన పీకితే కాడ ఊడి చేతికి వస్తుంది, దుంప కిందే ఉండి మళ్లీ మొలక వేస్తుంది. దుంపలు గొలుసులా ఒకదానికొకటి కలిసి ఉంటాయి. ఆ గొలుసును ముక్కలు చేస్తే నిద్రలో ఉన్నవి కూడా మేలుకుంటాయి, కాబట్టి ఆ మూలకు యంత్రం తీసుకెళ్లకండి. చిన్న మచ్చే అయితే మచ్చకు ఒక అడుగు అవతలి నుంచి 30 సెంటీమీటర్ల లోతు వరకు తవ్వి, మట్టిని జల్లెడ పట్టి దుంపలు ఏరేయండి. తర్వాత మూడు నాలుగు ఆకులు కనబడ్డప్పుడల్లా మళ్లీ తవ్వాలి, ఆలస్యమైతే కొత్త దుంపలు కట్టేస్తాయి. కూరగాయల మడి ఆ గోడకు దూరంగా పెట్టండి. కింద అట్ట పరిచి మడి కట్టినా తుంగ మొలక దాన్ని పొడుచుకుని పైకి వస్తుంది.