చిన్న సంఘం కార్యవర్గంలో పదవీకాలానికి హద్దు ఉండాలా?

కోశాధికారి:
మా ఊరి గ్రంథాలయ సంఘం మొదలైన నాటి నుంచి కార్యదర్శి ఒక్కరే. ఆయన ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగుచేయకపోతే ఈ భవనం లేచేదే కాదు. అయినా ఒకే పదవిలో వరుసగా ఆరేళ్లకు మించి ఎవరూ ఉండరాదని నియమావళిని సవరించే తీర్మానాన్ని వచ్చే సర్వసభ్య సమావేశంలో పెట్టాలనుకుంటున్నాను. ఇది సబబేనా?

ఒక మాజీ కార్యదర్శి:
నేను అంగీకరించను. జీతం లేని ఈ పనికి మనుషులు వరుస కట్టి వస్తారనుకోవడం పొరపాటు. కార్యవర్గంలో పేరు వేయించుకునేవారు చాలామంది ఉంటారు గాని, మే 31లోగా దాతల వివరాలను ఆదాయపు పన్ను శాఖకు సమర్పించేవారు, దాతలకు పన్ను మినహాయింపు తెచ్చే, 80జిగా పేరుపడిన ఆమోదాన్ని అయిదేళ్లకోసారి పునరుద్ధరించేవారు, రెండు వేలు దాటిన నగదు విరాళానికి ఆ మినహాయింపు రాదని దాతకు ఓపికగా చెప్పేవారు ఒకరిద్దరే ఉంటారు. ఆ ఒక్కరినీ గడువు పేరుతో పంపించివేస్తే పని ఎవరు చేస్తారు?

ఒక ఆడిటరు:
పని తెలిసినవారు ఒక్కరే కావడమే అసలు ప్రమాదమని నా అభిప్రాయం. నేను లెక్కలు చూసిన ఒక వృద్ధాశ్రమంలో కార్యదర్శి హఠాత్తుగా కన్నుమూశారు. పన్ను పోర్టల్ ఓటీపీ ఆయన ఫోనుకే వచ్చేది, చెక్కులపై ఉండవలసిన రెండు సంతకాల్లో ఒకటి ఆయనదే. సంతకం మార్చడానికి బ్యాంకువారు ప్రస్తుత కార్యవర్గం జాబితాకు ధ్రువీకృత ప్రతిని అడిగితే, సంఘాల రిజిస్ట్రారు కార్యాలయంలో ఏళ్ల తరబడి జాబితాయే దాఖలు కాలేదని తేలింది. ఖాతాలో డబ్బుండి కూడా వంటమనిషికి నాలుగు నెలలు జీతం అందలేదు. ఆయన నిజాయితీని ఎవరూ శంకించలేదు. శంకించనవసరం లేదు కాబట్టే ఎవరూ వోచర్లు చూడలేదు, సమావేశాల నిర్ణయాలు రాసే మినిట్స్ పుస్తకాన్ని చదవకుండానే సంతకాలు పెట్టారు. కార్యవర్గ సభ్యత్వమంటే ఆ పుస్తకాన్ని చదవడమే.

మాజీ కార్యదర్శి:
మీరు చెప్పినది పర్యవేక్షణ లోపం. దానికి మందు పదవీకాల పరిమితి కాదు. మూడు నెలలకోసారి లెక్కలను కార్యవర్గం ముందు చదివించండి. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో పుట్టి నేటికీ నిలిచి ఉందంటే, అటువంటి సంస్థల వెనుక ఏళ్ల తరబడి అంటిపెట్టుకున్న మనుషులు ఉంటారు.

ఆడిటరు:
సంస్థ వందేళ్లు నిలవాలంటే అది ఒక మనిషి ఆయుష్షును దాటాలి కదా. లెక్కలు చదివించడం మంచిదే, కాని పదవి ఎన్నడూ ఖాళీ కాని చోట ఆ పని నేర్చుకోవాలన్న ఆలోచన రెండో మనిషికి రాదు. హద్దును పదవికి మాత్రమే పెట్టండి, కార్యవర్గ సభ్యత్వానికి వద్దు. దిగిపోయే కార్యదర్శి ఒక ఏడాది పాటు కొత్తవారి పక్కన కూర్చుని పని నేర్పాలని నియమావళిలోనే రాయండి.

కోశాధికారి:
ఈ మార్పుతో తీర్మానాన్ని తిరిగి రాస్తాను. అయితే దానిని సమావేశ ఎజెండాలో చేర్చే ముందు మా కార్యదర్శి ఇంటికి వెళ్లి స్వయంగా చదివి వినిపిస్తాను. తన గురించిన తీర్మానాన్ని ఆయన నోటీసు బోర్డు మీద మొదటిసారి చదవడం నాకు ఇష్టం లేదు.

మాజీ కార్యదర్శి:
పరిమితిపై నా అభ్యంతరం అలాగే ఉంది. ఆయన దగ్గరకు మాత్రం తప్పక వెళ్లండి. వెళ్లినప్పుడు తన తరువాత ఎవరికి నేర్పదలచుకున్నారో ఆయననే అడగండి.