ఎడారి నగరంలో ‘అరణ్యములోని సంఘము’: ఆహ్వాన పత్రిక మీద ఏ మాట?

కరామా అకౌంటెంట్ (దుబాయి):
పెద్దలకు నమస్కారం. మా తెలుగు సంఘం వార్షికోత్సవానికి ఆహ్వాన పత్రిక అచ్చు వేయించాలి. పైన ‘అరణ్యములోని సంఘము’ అని వేద్దామని కొందరు పెద్దవాళ్లు అంటున్నారు. అపొస్తలుల కార్యములు 7వ అధ్యాయం 38వ వచనంలోని మాట అది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు మాత్రం ఒప్పుకోవడం లేదు. ‘అరణ్యం అంటే అడవి, దుబాయిలో అడవి ఎక్కడుంది, ఎడారి అని వేయండి’ అని పట్టుబట్టారు. కమిటీ రెండుగా చీలింది.

ఇంకో సందేహం. మేము కూడుకునేది ఊద్ మేథాలోని హోలీ ట్రినిటీ ప్రాంగణంలో. అది ఆంగ్లికన్ చర్చి. కానీ ఆ ఒక్క ప్రాంగణంలో ఆరాధించే సంఘాలు వంద దాటి ఉంటాయి. పత్రికలో ‘మా చర్చి’ అని రాస్తే భవనం అనుకుంటారా, మేము అనుకుంటారా? చర్చి, గుడి, మందిరం, దేవాలయం, సంఘం అన్నీ వాడుకలో ఉన్నవే. ఏది దేనికి వాడాలి?

బాపట్ల మాస్టారు:
ముందు అరణ్యం సంగతి చూద్దాం. పిల్లల ప్రశ్న న్యాయమైనదే, ఎందుకంటే ఇవాళ బడిలో అరణ్యానికి అర్థం అడవి అనే నేర్పుతున్నాం. పాత సంస్కృతంలో ఇది గ్రామానికి ఎదురు మాట. మనుషులు కాపురం ఉండి దున్నుకునే నేల గ్రామం. పొలిమేర దాటితే అరణ్యం. అక్కడ చెట్లున్నాయా, రాళ్లున్నాయా, ఇసుక ఉందా అన్నది తర్వాతి మాట. మూలంలోని ‘అరణ’ శబ్దానికి దూరపుది, పరాయిది అని అర్థం.

తెలుగు నుడికారం కూడా ఇదే సాక్ష్యం చెబుతుంది. అరణ్యరోదనం అన్నప్పుడు మన మనసులో ఉండేది చెట్లు కాదు, వినే మనిషి లేకపోవడం. అడవి గాచిన వెన్నెల అన్నప్పుడూ అంతే, చూసే కన్ను లేదని బాధ.

ఆ వచనం గ్రీకు మూలంలో ఉన్న మాట ‘ఎరేమోస్’. జనం లేని, విడిచిపెట్టిన చోటు అని అర్థం. హీబ్రూలో దానికి సాటి ‘మిద్బార్’, మందలు మేస్తూ తిరిగే బీడు. సీనాయి ద్వీపకల్పంలో దండకారణ్యం లేదని మన అనువాదకులకు తెలుసు. తెలిసే అరణ్యము అన్నారు. యెషయా 43:19లో ‘అరణ్యములో త్రోవ’, ‘ఎడారిలో నదులు’ అని రెండు మాటలనూ పక్కపక్కనే పెట్టారు. మూలంలోనూ అక్కడ రెండు వేర్వేరు మాటలే ఉన్నాయి. కాబట్టి అరణ్యము అని వేయడంలో తప్పు లేదు.

కడప నుంచి కువైట్‌కు:
మాస్టారూ, ఒక చిన్న అభ్యంతరం. జనం లేని చోటు అరణ్యం అంటున్నారు. సాయంత్రం ఆరింటికి దుబాయి మెట్రోలో ఒక్కసారి నిలబడి చూడండి, తర్వాత ఆ మాట అనండి. మా కువైట్‌లోనూ అంతే. నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణలో సెలవు రోజున తెలుగు, తమిళం, మలయాళం, అరబ్బీ, ఫిలిప్పీన్స్ వారి భాష అన్నీ ఒకేసారి వినిపిస్తాయి. కాలు పెట్టడానికి చోటు దొరకదు. అరణ్యరోదనం అంటే మాత్రం ఒప్పుకుంటాను. ఎవరి రోదన వారిదే.

బాపట్ల మాస్టారు:
మంచి మాట అన్నావు నాయనా. అలాగైతే ‘జనం లేని’ అన్న అర్థాన్ని పక్కన పెట్టి, ‘పరాయి’ అన్న అర్థాన్ని పట్టుకుందాం. దుబాయిలో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది వేరే దేశాల నుంచి వచ్చినవాళ్లే కదా. అందరూ ఉండి, ఎవరి ఊరూ కాని చోటు. అరణ శబ్దం అక్కడ అతికినంత బాగా నల్లమలలో కూడా అతకదు.

యర్మూక్ వీధి (షార్జా):
అకౌంటెంట్ గారూ, మీ రెండో సందేహానికి నేను జవాబు చెబుతాను. ఈ చర్చిల మధ్య చాలా ఏళ్లుగా తిరుగుతున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

దుబాయిలో చర్చి అంటే ఎవరికి వారు స్థలం కొని కట్టుకునేది కాదు. పాలకులు స్థలం ఇస్తేనే కట్టేది. 1960లలో షేక్ రషీద్ బిన్ సయీద్ అల్ మక్తూమ్ ఇచ్చిన స్థలంలో సెయింట్ మేరీస్ కతోలిక దేవాలయం వెలిసింది. అది 1967 నాటిది, ఇప్పుడున్న పెద్ద భవనం 1989లో వచ్చింది. మీరు వెళ్లే హోలీ ట్రినిటీ, కేరళ మలంకర ఆర్థడాక్స్ వారి సెయింట్ థామస్ కతీడ్రల్ కూడా ఊద్ మేథాలోనే ఉన్నాయి. ఊరి రెండో చివర జబల్ అలీలో ఇంకో గుంపు ఉంది. కతోలికుల సెయింట్ ఫ్రాన్సిస్, ఆంగ్లికన్ల క్రైస్ట్ చర్చి, మార్ తోమా, ఈజిప్టు కాప్టులు, ఎవాంజెలికల్ కేంద్రం, అన్నీ ఇరుగు పొరుగు. అదే వరుసలో 2012 నుంచి గురుద్వారా, 2022 నుంచి హిందూ దేవాలయం ఉన్నాయి. మా షార్జా యర్మూక్ ప్రాంతానికి వస్తే ఆర్మీనియన్లు ఉన్నారు. 2011లో తెరిచిన రష్యన్ ఆర్థడాక్స్ చర్చి తన గుమ్మటాలతో దూరం నుంచే కనిపిస్తుంది. అది మినహాయింపు అనుకోండి. ఈ ప్రాంతంలో చాలా చర్చిలు బయటి నుంచి చూస్తే బడిలాగానో ఫంక్షన్ హాలులాగానో ఉంటాయి. గంట మోగదు.

ఇప్పుడు మాటల దగ్గరకు వద్దాం. ఈ వీధుల్లో తిరిగేవారు తమ తమ చర్చిని ఏమని పిలుస్తారో వింటే సరదాగా ఉంటుంది. ట్యాక్సీ డ్రైవరుకు చెప్పాల్సిన అరబ్బీ మాట ‘కనీసా’. అది అరమాయికు నుంచి వచ్చింది, మూలధాతువుకు కూడడం అని అర్థం. ఇజ్రాయెల్ పార్లమెంటును క్నెసెట్ అంటారే, అదీ ఈ కుటుంబమే. ఆర్మీనియన్లు ‘యెకెఘెత్సి’ అంటారు. అది గ్రీకు ‘ఎక్లేసియా’, అంటే పిలిస్తే వచ్చి కూడిన సభ. ఫ్రెంచి వారి ‘ఎగ్లీజ్’, గోవా వారికి తెలిసిన పోర్చుగీసు ‘ఇగ్రెజా’, దాని నుంచి మన హైదరాబాదు పాతబస్తీలో వినిపించే ‘గిర్జా’, అన్నీ ఆ సభ పిల్లలే. ఇంగ్లీషు ‘చర్చి’ మాత్రం వేరే ఇంటిది. గ్రీకు ‘కురియకోన్’, అంటే ప్రభువుది అన్న మాట నుంచి వచ్చింది. రష్యన్ల ‘త్సెర్కొవ్’ దీనికి దాయాది. ఇథియోపియా వారు ‘బేత క్రిస్తియాన్’ అంటారు, క్రైస్తవుల ఇల్లు అని. ఫిలిప్పీన్స్ వారి ‘సింబాహన్’ ఆరాధించే చోటు. మలయాళీలది ‘పళ్ళి’. వాళ్లు మసీదును కూడా పళ్ళి అనే అంటారు కాబట్టి, దుబాయిలో మలయాళీ ‘పళ్ళికి వెళుతున్నా’ అంటే ఏ పళ్ళికో ముందు మాట తగిలించాల్సిందే.

ఇలా చూస్తే, కొందరు మనుషుల కూడికకు పేరు పెట్టారు, కొందరు ఇంటికి పెట్టారు, కొందరు ఇంటి యజమానికి పెట్టారు. పెట్టాక ఆ పేరుతోనే మూడింటినీ పిలిచేశారు. ఇంగ్లీషులో చర్చి అంటే కట్టడమూ అవుతుంది, జనమూ అవుతుంది, క్రైస్తవ శాఖ కూడా అవుతుంది. ఊరికొక్క చర్చి ఉన్నచోట దీనితో ఇబ్బంది లేదు. ఒకే హాలులో ఎనిమిది గంటలకు తమిళులు, పదింటికి నేపాలీలు, పన్నెండింటికి మనవాళ్లు కూడే చోట ఆ మాట కుంటుతుంది.

మనకు ఆ అవస్థ అక్కర్లేదు. తెలుగు క్రైస్తవులు మొదటి నుంచీ రెంటినీ విడిగానే ఉంచారు. కట్టడం మందిరం, జనం సంఘం. మత్తయి 16:18లో ‘ఈ బండమీద నా సంఘమును కట్టుదును’ అని ఉంది, మందిరమును అని లేదు. గుంటూరు జిల్లాలో లూథరన్ల ఊళ్లకు వెళ్లండి, కృష్ణా, ఖమ్మం వైపు సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) ఊళ్లకు వెళ్లండి. ‘గుడికి వెళ్లొచ్చావా’ అంటే భవనం, ‘సంఘంలో చెప్పారు’ అంటే మనుషులు. తడబాటు ఉండదు. బ్రదరెన్, హెబ్రోను అనే క్రైస్తవ సమాజాల వారు ఇంకో అడుగు ముందుకు వేసి భవనం ఊసే ఎత్తకుండా ‘కూడిక’ అంటారు. నన్ను అడిగితే, కనీసాకు, ఎక్లేసియాకు అచ్చ తెలుగులో ఇంతకంటే దగ్గరి మాట లేదు. సంఘం సంస్కృతం, కూడిక మనది. పాస్టర్లు దాన్ని ‘మీటింగు’ అంటూ పాడుచేస్తున్నారు, అదొక్కటే నా బాధ.

మీ పత్రికలో ‘మా సంఘం పదో వార్షికోత్సవ కూడిక, హోలీ ట్రినిటీ మందిర ప్రాంగణం, ఫలానా హాలు’ అని రాయండి. ఎవరికీ అనుమానం రాదు.

కరామా అకౌంటెంట్:
చాలా ధన్యవాదాలండీ. పదో వార్షికోత్సవం అని నేను చెప్పలేదు కానీ, అలాగే ఉండనివ్వండి, దగ్గర్లోనే ఉంది! ‘కూడిక’ మాకు వాడుకే. మాది శుక్రవారం కూడిక. 2022 జనవరి నుంచి ఇక్కడ సెలవులు శని, ఆదివారాలకు మారాయి, అయినా హాలు దొరికేది పాత సమయానికే కాబట్టి మేము శుక్రవారమే ఉంచుకున్నాం. ఊరి నుంచి మా అత్తగారు ఫోను చేసి ‘ఆదివారం గుడికి వెళ్లరా’ అని అడుగుతూనే ఉంటారు.

యర్మూక్ వీధి (షార్జా):
అత్తయ్యగారికి ఇలా చెప్పండి. అరబ్బీలో శుక్రవారాన్ని ‘జుమా’ అంటారు, కూడే రోజు అని అర్థం. జామియా మసీదులోని జామియా కూడా ఆ ధాతువే. అరబ్బులు కూడే రోజు అని పేరు పెట్టిన రోజునే, కనీసా అనే కూడిక చోట, తెలుగువాళ్లు కూడిక పెట్టుకున్నారన్నమాట. సెలవు ఆ రోజున ఉండేది కాబట్టి అన్ని క్రైస్తవ శాఖలవారూ దశాబ్దాల పాటు శుక్రవారమే పెద్ద ఆరాధన జరిపారు. ఇప్పటికీ చాలాచోట్ల శుక్ర, శని, ఆది మూడు రోజులూ నడుస్తున్నాయి.

విజయవాడ నుంచి ఒక కతోలిక పాఠకురాలు:
చర్చ బాగుంది. కానీ తెలుగు క్రైస్తవులు అంటూ మా మాటలను వదిలేశారు. మాకు భవనం దేవాలయం. జనమంతా కలిసి శ్రీసభ. సంఘం అని మేము అంతగా అనం. మా తమ్ముడు దుబాయిలో సెయింట్ మేరీస్‌కు వెళతాడు. ఒకటే విచారణ, ఒక్కరే విచారణ గురువు, బలిపూజలు మాత్రం ఎన్నో భాషల్లో. మీరు చెప్పిన ‘మందిరం ఒకటి, సంఘాలు వంద’ లెక్క మాకు కుదరదు. అక్కడ జనం కూడా ఒకటే, భాషలే వేరు. దక్షిణ అరేబియా వికారియేట్ అంటే ఎమిరేట్స్, ఒమన్, యెమెన్ మూడు దేశాలకూ కలిపి ఒక్క బిషప్పు గారు, అబుదాబిలో. 2019 ఫిబ్రవరిలో ఫ్రాన్సిస్ పాపు గారు అబుదాబి స్టేడియంలో పూజ చేసినప్పుడు తమ్ముడు రాత్రంతా బస్సులో కూర్చుని వెళ్లాడు.

యర్మూక్ వీధి (షార్జా):
అమ్మా, మీరన్నది అక్షరాలా నిజం. ఒకే వీధిలో గోడకు ఇవతల ఒక పద్ధతి, అవతల ఇంకో పద్ధతి. అవతల ఒకే విచారణ భాషలవారీగా గంటలు పంచుకుంటుంది. ఇవతల ఎవరి కాపరి, ఎవరి చందా పుస్తకం, ఎవరి పాటల పుస్తకం వారివే, పంచుకునేది ఏసీ హాలు, పార్కింగు మాత్రమే. తెలుగువారిలోనే ఒకటికి మించి సంఘాలున్నాయి. చీలికల సంగతి ఇక్కడ ఎత్తను, ఆహ్వాన పత్రిక అచ్చు కావాలి కదా.

కడప నుంచి కువైట్‌కు:
ఎడారిలో చర్చి అంటే చమురు వచ్చాక వచ్చిందే అనుకునేవాళ్లం. అబుదాబి దగ్గర సర్ బనీ యాస్ దీవిలో పాత క్రైస్తవ మఠం బయటపడిందని చదివాను, నిజమేనా?

యర్మూక్ వీధి (షార్జా):
నిజమే. 1992లో గుర్తించారు. తూర్పు సిరియాక్ సంప్రదాయపు మఠం, ఏడో శతాబ్దం ప్రాంతంలో జనం ఉన్న చోటు. ఉమ్ అల్ క్వయిన్ దగ్గర సినియా దీవిలో ఇంకొకటి దొరికిందని 2022లో ప్రకటించారు. ఆ సన్యాసులకు ఇది మాస్టారు చెప్పిన మొదటి అర్థంలో అరణ్యమే. జనానికి దూరంగా ఉండాలనే వచ్చారు. ఎరేమోస్ నుంచే ఇంగ్లీషులో సన్యాసికి పేరు పుట్టింది, హెర్మిట్. మనమేమో జీతానికి వచ్చాం.

బాపట్ల మాస్టారు:
పత్రిక మీద వచనం వేసేటప్పుడు ‘అరణ్యములోని సంఘము’ అని పాత రూపంలోనే ఉంచి, కింద చిన్న అక్షరాల్లో వచనం సంఖ్య వేయండి. వచనాన్ని మార్చి ఎడారి అని దిద్దవద్దు, అది గ్రంథం మాట. మిగతా పత్రికంతా వాడుక భాషలో, ‘సంఘం’ అని సున్నాతో రాసుకోవచ్చు. పిల్లలకు ఎడారే కావాలంటే యెషయా 43:19 లోపలి పేజీలో వేయండి, అందులో రెండూ ఉన్నాయి.

కరామా అకౌంటెంట్:
ఇది రెండు పక్షాలకూ నచ్చుతుంది. ఇప్పుడే కమిటీకి పంపుతున్నాను. ఇంతకూ కతోలిక పాఠకురాలు గారు ‘విచారణ’ అన్నారు. అది వినగానే మా అబ్బాయి పోలీసు కేసా అని అడిగాడు. చర్చికి విచారణ అనే పేరు ఎలా వచ్చింది?

బాపట్ల మాస్టారు:
కేసు కాదు. పాత తెలుగులో విచారించడం అంటే బాగోగులు కనుక్కోవడం, ఆలనాపాలనా చూడటం కూడా. ‘ఇంటి విచారణ పెద్దకోడలిది’ అంటే ఇల్లు చూసుకునే బాధ్యత ఆమెదని. ఒక గురువు బాగోగులు చూసే మేర ఆయన విచారణ. కోర్టులు ఆ మాటను తమవైపు లాక్కున్నాక ఇలా వినిపిస్తోంది, అంతే.