కుక్క బిస్కెట్లు అంచున మాడి, మధ్యలో మెత్తగా ఉంటున్నాయి: తప్పెక్కడ?

కొత్తగరిటె
వంటలో నా అనుభవం సున్నా. 240 గ్రాముల గోధుమపిండి, ఒక గుడ్డు, 120 గ్రాముల ఉడికించిన గుమ్మడి గుజ్జు, రెండు టేబుల్‌స్పూన్ల పీనట్ బటర్. ఓవెన్ 200 డిగ్రీల సెల్సియస్, 20 నిమిషాలు. అంచులు మాడాయి, మధ్యలో మెత్తగానే ఉన్నాయి. నాలుగో రోజుకు డబ్బాలో బూజు. పాళ్లు తప్పా, ఓవెన్ తప్పా?

పిండిబొమ్మ
పాళ్లకేం, బాగానే ఉన్నాయి. వేడే ఎక్కువైంది. 200 దగ్గర పైపొర తొందరగా గట్టిపడి, లోపలి తడి బయటికి రాకుండా ఆగిపోతుంది. 175లో 25 నిమిషాలు కాల్చండి. తర్వాత 90కి తగ్గించి ఇంకో గంటన్నర ఉంచండి. మొదటిది కాల్చడం, రెండోది ఆరబెట్టడం. కొత్తవాళ్లు రెండోదాన్ని వదిలేస్తారు, బూజు అక్కడే మొదలవుతుంది. మనం తినే బిస్కెట్లలో చక్కెర తడిని తనలో పట్టి ఉంచి బూజుకు అందనివ్వదు. వీటిలో చక్కెర వేయం కాబట్టి తడిని తీసేయడం ఒక్కటే దారి.

ఉడికిందో లేదో ఓవెన్‌లోంచి తీయగానే నొక్కి చూడకండి, వేడి మీద అన్నీ మెత్తగానే ఉంటాయి. ఒకటి పూర్తిగా చల్లారనిచ్చి విరవండి. టక్కున విరిగితే సరే. వంగితే ఇంకో అరగంట లోపలికి.

తూకంరాళ్లు
మందం సంగతి ఎవరూ అడగలేదు. ఒకచోట 4 మిల్లీమీటర్లు, ఇంకోచోట 9 ఉంటే ఏ వేడి పెట్టినా కొన్ని మాడతాయి, కొన్ని పచ్చిగా ఉంటాయి. పిండికి రెండు పక్కలా రెండు మామూలు పెన్సిళ్లు పెట్టి, వాటి మీదుగా అప్పడాల కర్ర నడపండి. సుమారు 7 మిల్లీమీటర్ల మందం సమానంగా వస్తుంది. ఎముక ఆకారం అచ్చులు చూడ్డానికి ముద్దే కానీ సన్నటి నడుము ముందు మాడుతుంది. 3 సెంటీమీటర్ల చదరాలుగా కత్తితో కోస్తే పని తేలిక, పిండి కూడా మిగలదు. ఫోర్కుతో రెండు చోట్ల పొడవండి, ఆవిరి పోతుంది, ఉబ్బవు. బేకింగ్ పౌడర్, సోడా అసలు అక్కర్లేదు. ట్రే ఓవెన్ మధ్య అరలో ఉండాలి. కింది అరలో పెడితే అడుగు నల్లబడుతుంది.

కొత్తగరిటె
పిండి చేతికి అంటుకుంటోందని ఇంకో అర కప్పు పిండి కలిపాను. అది తప్పేనా?

పిండిబొమ్మ
తప్పే. గోధుమపిండిలోని తవుడు నీళ్లను నిదానంగా పీల్చుకుంటుంది. కలిపిన ముద్దను మూతపెట్టి 20 నిమిషాలు వదిలేస్తే జిగురు దానంతటదే తగ్గుతుంది. అప్పటికీ అంటుకుంటేనే ఒక్కో స్పూను చొప్పున పిండి కలపండి. అసలు గొడవ గుజ్జుతో. నీళ్లలో ఉడికించిన గుమ్మడి నీళ్లు తాగేస్తుంది. ఆవిరి మీద ఉడికించి, మెదిపి, పల్చటి గుడ్డలో అరగంట వేలాడదీయండి. గరిటెతో తీస్తే జారకుండా కుప్పలా నిలబడాలి. ముద్ద చేసేటప్పుడు పగుళ్లొస్తే మాత్రం తడి చాలలేదని అర్థం, ఒక్క స్పూను నీళ్లు చాలు.

లేబుల్‌చూపు
వీటన్నిటికంటే ముందు పీనట్ బటర్ డబ్బా తిప్పి చదవండి. జైలిటాల్, బర్చ్ షుగర్, ఈ967... మూడూ ఒకటే, చక్కెర బదులు వేసే తీపి పదార్థం. మనుషులకు విషం కాదు కానీ, కుక్క ఒంట్లో ఇన్సులిన్‌ను ఒక్కసారిగా పెంచి రక్తంలో చక్కెరను పడగొడుతుంది. ఎక్కువైతే కాలేయమూ దెబ్బతింటుంది. వాంతి, తూలడం, నీరసం అరగంటలోనే కనబడవచ్చు. తిన్నదని తెలిస్తే లక్షణాల కోసం కూర్చోకుండా పశువైద్యుడికి ఫోన్ చేయాలి. వేరుశనగలు తప్ప ఇంకేమీ లేని డబ్బా అయితే నిశ్చింత.

తోకూపు
చిటికెడు వెల్లుల్లి పొడి వేస్తే గోమార్లు దూరంగా ఉంటాయంటారు కదా?

లేబుల్‌చూపు
వద్దండి. ఉల్లి, వెల్లుల్లి జాతి మొత్తం కుక్కల ఎర్ర రక్తకణాలను పాడుచేస్తుంది. ఉడికించినా విషం పోదు, పొడి చేస్తే ఇంకా చిక్కబడుతుంది. రెడీమేడ్ సూప్ క్యూబుల్లోనూ ఉల్లిపాయ, ఉప్పు ఉంటాయి. రుచికి ఏదైనా పోయాలంటే ఏమీ వేయకుండా ఉడికించిన చికెన్ నీళ్లు పోయండి. ఎండుద్రాక్ష, చాక్లెట్, మకడేమియా గింజలు, జాజికాయ వంటింట్లోంచే దూరం పెట్టాలి. ఎండుద్రాక్ష ఎంత తింటే ప్రమాదమో ఒక్కో కుక్కకు ఒక్కో రకం, అందుకే ‘కొంచెం పర్లేదు’ అనే మాటే లేదు. ఈస్ట్ కలిపిన పచ్చి పిండి కడుపులో పొంగుతుంది, ఆల్కహాల్ కూడా పుడుతుంది. ఈస్ట్ లేకపోయినా పచ్చి ముద్ద నాకనివ్వకండి, పచ్చి గుడ్డులో, పచ్చి పిండిలో కూడా సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది.

తూకంరాళ్లు
రోజుకు ఎన్ని పెట్టాలో కూడా లెక్క చూద్దాం. పై పాళ్లు మొత్తం కలిపి సుమారు 1,100 కేలరీలు. 70 ముక్కలైతే ఒక్కోటి దాదాపు 16. చిరుతిండి రోజు మొత్తం కేలరీల్లో పదో వంతు దాటకూడదు. 10 కిలోల ఎదిగిన కుక్కకు రోజుకు 600 కేలరీల చొప్పున చూస్తే, చిరుతిండికి దక్కేది 60. అంటే మూడు ముక్కలు, మహా అయితే నాలుగోది కొంచెం. శిక్షణకు వాడేవాళ్లు కాల్చకముందే 1 సెంటీమీటరు ముక్కలుగా కోయాలి. కుక్క లెక్కపెట్టేది ఎన్నిసార్లు ఇచ్చారనే, ఎంత పెద్దదని కాదు.

తోకూపు
గోధుమ పడని కుక్కకు ఓట్స్ పిండి వాడొచ్చా?

పిండిబొమ్మ
వాడొచ్చు, కానీ పిండిని పట్టి ఉంచే గ్లూటెన్ లేక పొడిపొడిగా రాలుతుంది. ఇంకో గుడ్డు కలిపి, మందం 1 సెంటీమీటరు ఉంచి, పరిచిన పిండిని ట్రేలోనే కోయండి. ఎత్తి పెట్టబోతే విరుగుతుంది. ఏ కొత్త దినుసైనా మొదటిరోజు ఒక్క ముక్కే, 24 గంటలు చూసి మిగతాది. దురద, విరేచనాలు కనబడితే ఆపేయడమే.

కొత్తగరిటె
ఎయిర్ ఫ్రయర్ సంగతి? డబ్బాలో ఎన్నాళ్లుంటాయి?

తూకంరాళ్లు
150 డిగ్రీలు, 12 నిమిషాలు, సగంలో తిరగేయాలి. ఒక్క వరసే, ఒకదాని మీద ఒకటి వద్దు. గాలి వేగంగా తిరుగుతుంది కాబట్టి తడి తొందరగా పోతుంది, అంచులూ అంతే తొందరగా రంగు మారతాయి. తొమ్మిదో నిమిషం నుంచి చూస్తుండండి. మైక్రోవేవ్ వద్దు, ఒకవైపు రాయి, ఒకవైపు రబ్బరు.

టక్కున విరిగేవి బిగుతు మూత డబ్బాలో రెండు వారాలు. మెత్తటివి, లివర్ కలిపినవి ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, మిగిలినవి ఫ్రీజర్‌లోకి. లివర్‌లో విటమిన్ ఎ ఎక్కువ, రోజూ పెట్టే సరుకు కాదది.

లేబుల్‌చూపు
మూత పెట్టేముందు ముక్కల్ని జాలీ మీద కనీసం రెండు గంటలు చల్లారనివ్వండి. గోరువెచ్చగా మూతపెడితే లోపల నీటి చుక్కలు కడతాయి, మీ నాలుగో రోజు బూజులో దానికీ వాటా ఉండొచ్చు.