పెరట్లోకి ఎలుగుబంటి వస్తోంది, ఏం చేయాలి?
అందరికీ నమస్కారం. మాది ఉద్దానంలో సోంపేట దగ్గర పల్లె, ఇంటి వెనకాలే జీడితోట, పెరట్లో రెండు పనస చెట్లు. వారం రోజులుగా పళ్ల వాసనకి రాత్రిళ్లు ఎలుగుబంటి వస్తోంది, మొన్నయితే వీపు మీద పిల్లతో వచ్చి చెట్టు మొదట్లో ఉన్న చెదపుట్ట కూడా తవ్వేసి పోయింది. మా అమ్మ తెల్లారకముందే పెరట్లోకి వెళ్తుంది, అదే నా టెన్షన్, పిల్లతో ఉన్న తల్లి ఎదురుపడితే మీద పడుతుంది కదా. పండినవన్నీ కోసేశాను, లైటు పెట్టాను, అయినా ఆగలేదు. కరెంటు తీగ పెట్టమని కొందరు అంటున్నారు, అది మాత్రం చేయను. చట్టరీత్యా నేరం, పైగా మనుషులూ పోతారు, ఆ పిల్ల ఏం పాపం చేసింది? అటవీశాఖకి చెప్పాం, ఇంకా రాలేదు. కవిటి, మందస వైపు ఇలాంటిది ఎదుర్కొన్నవాళ్లు ఉంటే చెప్పండి, మీకు ఏది పనిచేసింది?