కుంకుడు రసం వారం పైన నిలవ ఉండాలంటే ఏం కలపాలి?

షాంపూ ఖర్చు తగ్గించుకోవడానికి ఇంటిల్లిపాదికీ ఒకేసారి కుంకుడు రసం తీసి పెడుతున్నాం. గింజ తీసిన పెచ్చులు 100 గ్రాములు, లీటరు నీళ్లు. రాత్రంతా నానబెట్టి, పొద్దున సన్నసెగ మీద పావుగంట మరిగించి, చల్లారాక బాగా పిసికి పాత నూలుచీర ముక్కలో రెండుసార్లు వడకట్టడం. పెద్ద గిన్నె కావాలి, లేకపోతే పొంగి పొయ్యంతా నురగే.

జిడ్డు బాగానే వదులుతోంది. గొడవంతా నిలవ దగ్గరే. బయట ఉంచితే త్వరగా పులిసి, సీసా మూత తీయగానే బుస్సుమంటోంది. పెచ్చులో చక్కెర ఉంటుంది కాబట్టి పులవడం సహజమే. ఫ్రిజ్‌లో పెట్టినా వారం దాటేసరికి వాసన మారుతోంది.

నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేసి నిలవ ఉంచినవాళ్లు ఎవరైనా ఉన్నారా? లీటరుకు ఎన్ని గ్రాములు వేశారు, మాడు మంట పుట్టలేదా? ఐసు ట్రేలో గడ్డకట్టిస్తే కరిగాక నురగ తగ్గుతుందా?

పెచ్చులు ఎండబెట్టి పొడి కొట్టుకోమంటారేమో. మిక్సీ మూత తీస్తే ఇల్లంతా తుమ్ములు, పైగా నలుసులు జుట్టులో ఇరుక్కుంటాయి. మందారాకు కూడా వద్దు, జిగురు పట్టి వడకట్టడమే కష్టం. రసంగానే ఉంచే దారి చెప్పండి.